నా ఎక్స్‌రేలోని తెల్ల చుక్కలు: ఒక రెండో అభిప్రాయ సేవపై సమీక్ష

ఈ సమీక్ష ఒక రేడియాలజీ రిపోర్టింగ్ సేవ గురించి. మనం వేరొకచోట తీయించుకున్న ఎక్స్‌రే, సీటీ చిత్రాలను ఇంటర్నెట్ ద్వారా పంపితే, ఎముకల, కీళ్ల చిత్రాలు చదవడంలో ప్రత్యేక శిక్షణ పొందిన రేడియాలజిస్టులు వాటిని మొదటినుంచి మళ్లీ చూసి, తమ సంతకంతో కొత్త రిపోర్టు ఇస్తారు. ఈ సేవ పేరు గానీ, చిత్రాలు తీసిన స్కానింగ్ కేంద్రం పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. నా ఫిర్యాదుల్లో కొన్ని ఇద్దరికీ చెందుతాయి. వాళ్ల వైపు మాట నేను పూర్తిగా వినలేదు. ఇలాంటి సేవ అవసరమైనవారికి ఏం చూసుకోవాలో, ఏం అడగాలో నా అనుభవం నుంచి కొంత తెలుస్తుందన్న ఉద్దేశంతో కాస్త వివరంగానే రాస్తున్నాను.

నాకు 53 ఏళ్లు. మెట్ల మీద కాలు జారి కుడి తుంటి మీద పడ్డాను. నడవగలుగుతున్నా, కాలు మోపినప్పుడల్లా నొప్పి వస్తుండటంతో ఎముకల డాక్టరుగారు కటి భాగానికి ఒక ఎక్స్‌రే రాశారు. ఎముక విరగలేదు. ఆ సంగతి రిపోర్టులో మూడో వాక్యంలో ఉంది. మొదటి రెండు వాక్యాల్లో ఉన్నదేమిటంటే, రెండు తుంటి కీళ్ల చుట్టూ, కటి ఎముకల్లో లెక్కకు మిక్కిలిగా చిన్న చిన్న గట్టిపడిన మచ్చలు కనిపిస్తున్నాయనీ, శరీరంలో మరెక్కడైనా ఉన్న క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో తేల్చుకోవాలనీ. 'మెటాస్టాసిస్' అనే మాట కంటపడిన తరువాత మనిషికి కింది వాక్యాలు కనిపించవు. ఎముక విరగలేదని నాకు మర్నాడు మా అన్నయ్య చదివి చెప్పేదాకా తెలియలేదు.

డాక్టరుగారు కంగారు పడలేదు, అలాగని రిపోర్టును పక్కన పెట్టేయనూ లేదు. యాభై దాటిన మగవాడి కటి ఎముకల్లో తెల్ల మచ్చలు కనిపిస్తే ప్రొస్టేట్ గ్రంథిని అనుమానించడం వైద్యంలో మామూలే. అదే స్థానంలో ఆడమనిషి ఉంటే రొమ్మును పరీక్షించమంటారు. చాలా రకాల క్యాన్సర్లు ఎముకను తినేస్తూ పోతే, ప్రొస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా, రొమ్ము క్యాన్సర్ కొందరిలో, చుట్టూ కొత్త ఎముక పేరుకునేలా చేస్తాయి, అందువల్ల ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తాయి. ఆయన నా రక్తంలో పీఎస్ఏ (ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రోటీన్), కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక చురుకును తెలిపే ఎంజైము) చూడమన్నారు, కటికి సీటీ స్కాన్ రాశారు, ఆ తరువాత ఒళ్లంతటికీ బోన్ స్కాన్ చేయిద్దామన్నారు. రక్త పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. సీటీ రిపోర్టు మాత్రం ఎక్స్‌రే రిపోర్టు చెప్పిన మాటలనే మరింత పొడుగ్గా చెప్పి, రోగి లక్షణాలతో సరిపోల్చుకోవాలన్న పాత పల్లవితో ముగిసింది. బోన్ స్కాన్ తేదీకి ముందు ఎనిమిది రోజులు ఖాళీ ఉన్నాయి. ఆ ఎనిమిది రోజుల్లోనే ఈ సేవకు నా చిత్రాలు పంపాను.

మొదటి కేంద్రానికి దక్కవలసిన మెప్పు ముందుగా ఇచ్చేస్తాను. చిత్రాలు చక్కగా తీశారు. కటి ఎక్స్‌రే తీసేటప్పుడు టెక్నీషియన్ నా రెండు పాదాలను కాస్త లోపలికి తిప్పి, బొటనవేళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండేలా పట్టీ వేశాడు. నొప్పి మీదున్న నాకు అది చాదస్తంగా తోచింది. తొడ ఎముక మెడ భాగం కుదించుకుపోకుండా పూర్తి పొడవున కనిపించాలంటే అలా తిప్పవలసిందేనని తరువాత తెలిసింది. చిత్రాలను ఫిల్ముతోపాటు సీడీ మీద డైకామ్ రూపంలో, అంటే యంత్రం తీసిన అసలు డిజిటల్ చిత్రాలుగా, అడగకుండానే ఇచ్చారు. ఈ ఒక్క పని చేయకపోయి ఉంటే రెండో అభిప్రాయానికి దారే ఉండేది కాదు, ఎందుకంటే ఫిల్మును ఫోనుతో తీసిన ఫొటోలో సాంద్రతను కొలవడం సాధ్యం కాదు. వాళ్ల లోపమంతా చదవడంలోనే ఉంది. అందులోనూ కొంత తప్పు మాదే: పరీక్ష చీటీలో 'పడ్డారు, తుంటి నొప్పి' అన్న రెండు ముక్కలు తప్ప ఇంకేమీ రాసి లేదు.

రెండో సేవ ఇక్కడే తన తేడా చూపించింది. చిత్రాలు పంపడానికి ముందు ఒక ఫారమ్ నింపాలి. వయసు, నొప్పి వంటి మామూలు ప్రశ్నలతోపాటు, గతంలో క్యాన్సర్‌కు చికిత్స జరిగిందా, కారణం లేకుండా బరువు తగ్గారా, రాత్రిపూట నిద్ర లేపే నొప్పి ఉందా అని అడిగారు. ఆ తరువాతి ప్రశ్న నన్ను ఆపింది: శరీరంలో ఏ భాగానికైనా, ఎంత పాతదైనా, ఇంకో ఎక్స్‌రే ఉందా? మొదట లేదని రాశాను. రాత్రి గుర్తుకొచ్చి బీరువా పైభాగం వెతికితే, 13 ఏళ్ల కిందట మోకాలి నొప్పికి తీయించిన ఫిల్ము దొరికింది. ల్యాప్‌టాప్ తెరను తెల్లగా పెట్టి, దానిమీద ఫిల్ము ఆనించి, ఫొటో తీసి పంపాను. నాణ్యత తక్కువని వాళ్లు రిపోర్టులో రాసుకున్నారు, అయినా తిరస్కరించలేదు. ఆ ఫిల్ములో తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర అవే చుక్కలు ఉన్నాయి. పదమూడేళ్లుగా నా బీరువా మీదే ఉన్నాయి. అప్పటి రిపోర్టులో వాటి గురించి ఒక్క ముక్క లేదు, ఆ రోజుల్లో నేను సుఖంగా ఉండటానికి కారణం బహుశా అదే.

రెండో రోజు సేవ నుంచి ఒక సందేశం వచ్చింది. రెండు చేతులకూ కలిపి ఒక ఎక్స్‌రే తీయించి పంపమనీ, అది చూడకుండా తుది రిపోర్టు ఇవ్వలేమనీ అందులో ఉంది. తుంటి గురించి అడిగితే చేతుల ఎక్స్‌రే ఎందుకని నాకు విసుగు వచ్చిన మాట నిజం. దానికి వాళ్లిచ్చిన సమాధానం నాలుగు వాక్యాల్లో స్పష్టంగా ఉంది. వాళ్లు అనుమానిస్తున్న పరిస్థితి నిజమైతే మణికట్టులోని చిన్న ఎముకల్లోనూ, వేళ్ల ఎముకల చివర్లలోనూ చుక్కలు కనిపించే అవకాశం ఎక్కువ. క్యాన్సర్ అక్కడిదాకా, అదీ రెండు చేతులకూ ఒకే తీరుగా, వ్యాపించడం చాలా అరుదు. పైగా చేతి ఎక్స్‌రేలో సోకే రేడియేషన్ సుమారు 0.001 మిల్లీసీవర్టులే. పోల్చి చూడటానికి, ప్రకృతిలో ఉన్న రేడియేషనే మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్టుల దాకా సోకుతుంది. ఒళ్లంతటి బోన్ స్కాన్‌తో అంతకంటే ఎక్కువే సోకుతుంది. పెద్ద పరీక్ష కోసం ఎదురుచూస్తున్న మనిషిని చిన్న పరీక్షకు పంపడం వ్యాపార దృష్టితో చూస్తే తెలివైన పని కాకపోవచ్చు. నాకు ఈ సేవ మీద నమ్మకం కుదిరింది మాత్రం అక్కడే.

చేతుల ఎక్స్‌రేను నేనూ చూశాను. గోడకు సున్నం వేసేవాడు కుంచె విదిలిస్తే పడిన తుంపర్లలా, మణికట్టు ఎముకల నిండా, వేళ్ల కణుపుల దగ్గరా, తెల్లని గుండ్రని చుక్కలు. కొన్ని కోలగా ఉన్నాయి. కుడిచేతిలో ఎక్కడ గుంపుగా ఉన్నాయో ఎడమచేతిలో దాదాపు అక్కడే గుంపుగా ఉన్నాయి. వేళ్ల ఎముకల నడిమి భాగాలు శుభ్రంగా ఉన్నాయి. రెండు చేతులనూ పక్కపక్కన పెట్టిన ఆ చిత్రంలోని పొందిక రేడియాలజీ తెలియని నాకు కూడా కళ్లకు కట్టింది.

తుది రిపోర్టు రెండు పుటలు. మొదటి వాక్యంలోనే ఎముక విరగలేదని రాశారు. నేను అడిగిన అసలు ప్రశ్న అదే కదా. రెండో వాక్యంలో పేరు చెప్పారు: ఆస్టియోపొయికిలోసిస్. ఆస్టియో అంటే ఎముక. పొయికిలోస్ అనే గ్రీకు మాటకు రకరకాల మచ్చలతో కూడినది అని అర్థం. ఇది హానిలేనిదనీ, పుట్టుకతో సంక్రమించేదనీ, చికిత్స అవసరం లేదనీ, ఈ చుక్కల కోసం బయాప్సీ చేయకూడదనీ మూడో వాక్యం. మిగిలిన పుటన్నర ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో వివరించడానికి వాడారు. నేను ఇంతకుముందు చూసిన రిపోర్టులన్నిటిలో ముందు పుటల కొద్దీ వర్ణన, చివర మూలన ఎక్కడో ఒక నిర్ణయం ఉండేవి. ఈ వరుసను తలకిందులు చేయడం చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, రిపోర్టును అందుకుని మొదట చదివేది రోగే అన్న గ్రహింపు దాని వెనుక ఉంది.

వాళ్లు చూపిన ఆధారాలు ఇవి. చుక్కలన్నీ 2 నుంచి 10 మిల్లీమీటర్ల లోపు, అంటే ఆవగింజ అంత మొదలుకుని చిటికెనవేలి గోరంత దాకా. ఎముకల చివర్లలో, కీళ్లకు దగ్గరగా గుమిగూడి ఉన్నాయి; పొడవాటి ఎముకల మధ్యభాగాన్ని వదిలేశాయి. కుడి ఎడమల పొందిక ఉంది. సీటీలో కనిపించినంత మేర నడుము వెన్నుపూసల్లో ఏమీ లేవు. ఈ పరిస్థితిలో వెన్నుపూసలు, పక్కటెముకలు, పుర్రె సాధారణంగా తప్పించుకుంటాయి, క్యాన్సరైతే వెన్ను, పక్కటెముకలు, కటి వంటి నడిమి ఎముకలనే ముందుగా పట్టుకుంటుంది. చుక్కల చుట్టూ ఎముక కరిగిన జాడ లేదు, పై పొర ఉబ్బలేదు. పదమూడేళ్ల కిందటి మోకాలి ఫిల్ములోనూ ఇదే తీరు కనిపిస్తోంది. చికిత్స లేకుండా వదిలేసిన క్యాన్సర్ అన్నేళ్లు మనిషిని నొప్పి కూడా లేకుండా ఉంచదు. ఇందులో ఏ ఒక్క ఆధారమూ తనంతట తాను చాలదనీ, అన్నీ కలిసి ఒకేవైపు చూపుతున్నాయనీ రాయడం నాకు నచ్చింది.

సీటీ చిత్రాల మీద ఒక పేరా ప్రత్యేకంగా ఉంది. సీటీ యంత్రం ప్రతి బిందువు సాంద్రతనూ ఒక అంకెగా కొలుస్తుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000 పెట్టుకుని లెక్కించే ఆ కొలతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు. ఎముకలోని హానిలేని గట్టి దీవులకూ, చికిత్స జరగని తెల్లటి క్యాన్సర్ మచ్చలకూ తేడా కనిపెట్టడానికి సగటు సాంద్రత 885, అత్యధిక సాంద్రత 1060 యూనిట్లను హద్దులుగా 2016లో కొందరు పరిశోధకులు సూచించారు; ఆ హద్దులు దాటితే హానిలేనిదయ్యే అవకాశం ఎక్కువ. నా చిత్రాల్లో పెద్ద చుక్కలు ఐదింటిని కొలిచి, అన్నీ ఆ హద్దులకు పైనే ఉన్నాయని రాశారు. దానితోపాటే ఒక హెచ్చరిక చేర్చారు: చుక్క మరీ చిన్నదైతే ఆ కొలతను నమ్మలేం, చికిత్స పొందిన క్యాన్సర్ మచ్చలు కూడా ఇంతే గట్టిపడవచ్చు, కాబట్టి అంకె ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదు. మొదటి కేంద్రం దగ్గరా ఇవే చిత్రాలు, ఇలాంటి కంప్యూటరే ఉన్నాయి. అక్కడ ఎవరూ కొలిచి చూడలేదు.

రిపోర్టుతోపాటు పది నిమిషాలు ఫోనులో మాట్లాడే వీలు ఉంటుంది. నాతో మాట్లాడిన రేడియాలజిస్టు పాఠం చెప్పే ధోరణిలో మాట్లాడారు గానీ, నాకది ఇబ్బంది అనిపించలేదు. ఎముక బయటి పొర గట్టిగా, దట్టంగా ఉంటుంది. లోపలి భాగం, ముఖ్యంగా చివర్లలో, స్పాంజిలా సన్నని పుల్లల అల్లికగా ఉంటుంది. ఆ అల్లిక మధ్యలో అక్కడక్కడా బయటి పొరలాంటి గట్టి ఎముక చిన్న ముద్దగా ఏర్పడితే దాన్ని బోన్ ఐలాండ్ అంటారు. ఒకటో రెండో బోన్ ఐలాండ్లు చాలామందిలో ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. అవి పదుల్లో, వందల్లో, పొందికగా ఉంటే ఆస్టియోపొయికిలోసిస్. ముద్ద అంచు నున్నగా కత్తిరించినట్టు కాకుండా, చుట్టూ ఉన్న పుల్లల్లోకి సన్నని ముళ్లలా కలిసిపోతుంది, అదొక గుర్తు. జర్మన్ వైద్యుడు స్టీడా 1905లో దీన్ని మొదట వర్ణించాడు. 1895లో ఎక్స్‌రే కనిపెట్టిన పదేళ్లకే అన్నమాట. అంతకుముందు దీని సంగతి ఎవరికీ తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు: ఈ చుక్కలు ఉన్న మనిషికి సాధారణంగా నొప్పి ఉండదు, ఎముక బలహీనపడదు, విరిగితే అందరికీ అతికినట్టే అతుకుతుంది. కొద్దిమందికి కీళ్ల నొప్పులు ఉంటాయట. అవి చుక్కల వల్లనా, ఇంకేదైనా కారణం వల్లనా అన్నది ఒక్కొక్కరి విషయంలో విడిగా చూసుకోవలసిందేనని ఆయన అన్నారు.

ఎంతమందికి ఉంటుందని అడిగాను. సుమారు 50,000 మందిలో ఒకరికని లెక్క చెబుతారు. వేరే పనికి ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు బయటపడితే తప్ప లెక్కలోకి రాదు కాబట్టి అసలు సంఖ్య ఎక్కువే ఉండవచ్చునన్నారు. ఆడవారికీ మగవారికీ సమానంగా వస్తుంది. కారణం 12వ క్రోమోజోము మీద ఉన్న ఎల్ఈఎండీ3 అనే జన్యువు. ఆ సంగతి 2004లో తేలింది. కణ కేంద్రకం లోపలి పొరలో ఉండే ఒక ప్రోటీన్‌ను ఈ జన్యువు తయారు చేయిస్తుంది. ఎముకను పెంచమని వచ్చే కొన్ని సంకేతాలకు ఆ ప్రోటీన్ కళ్లెం వేస్తుంది. జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడితే కళ్లెం వదులవుతుంది. ఒక్క ప్రతి చెడినా చాలు కాబట్టి, తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం.

ఎంఆర్ఐ తీయించాలా అన్న నా ప్రశ్నకు ఆయన నవ్వారు. గట్టి ఎముకలో నీరు తక్కువ కనుక ఈ చుక్కలు ఎంఆర్ఐలో అన్ని రకాల చిత్రాల్లోనూ నల్లగా కనిపిస్తాయి, కొత్తగా తెలిసేదేమీ ఉండదు. నల్ల చుక్కలు చూసి మరొకరు మరో రిపోర్టు రాస్తే మీరు మళ్లీ నాకే ఫోను చేయాలి అన్నారు. బోన్ స్కాన్ విషయంలో మాత్రం అంత తేలికగా మాట్లాడలేదు. ఆ పరీక్షలో టెక్నీషియం అనే రేడియోధార్మిక మూలకం కలిపిన మందును నరంలోకి ఎక్కిస్తారు. ఎముక చురుకుగా పెరుగుతున్న చోట అది ఎక్కువగా చేరుతుంది. క్యాన్సర్ పాకిన చోట్లు సాధారణంగా దట్టంగా కనిపిస్తాయి. ఆస్టియోపొయికిలోసిస్ చుక్కలు నిద్రాణంగా ఉంటాయి కాబట్టి ఎక్కువమందిలో స్కాన్ మామూలుగా ఉంటుంది, కొందరిలో మాత్రం స్వల్పంగా చేరవచ్చు. గతంలో క్యాన్సర్ వచ్చినవారైతే, లేదా ఎక్స్‌రేలో పొందిక లేకపోతే, ఆ స్కాన్ తప్పక చేయించాలనే ఆయన అభిప్రాయం. నా విషయంలో అవసరం లేదని చెబుతూనే, ఆ నిర్ణయం మీ డాక్టరుదే, రిపోర్టు ఆయనకు చూపండి అన్నారు. చూపించాను. డాక్టరుగారు చేతుల ఎక్స్‌రేను వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసి, చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూడటమే తప్ప మనిషిలో చూడటం ఇదే మొదటిసారన్నారు. బోన్ స్కాన్ రద్దు చేశారు. ఆరు నెలల తరువాత పీఎస్ఏ మాత్రం నా వయసు కోసం మళ్లీ చూడమన్నారు.

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇక లోపాలు.

చిత్రాలు పంపే వెబ్‌సైటు చాలా ఇబ్బంది పెడుతుంది. సీటీ ఫైళ్లు వందల్లో ఉంటాయి. వాటిని ఒక జిప్ ఫైలుగా మార్చి పంపాలని ఎక్కడా రాయలేదు. నాలుగుసార్లు మధ్యలో ఆగిపోయాక మా అన్నయ్య కొడుకు వచ్చి చేసిపెట్టాడు. చేతిలో సీడీ ఉన్నా కంప్యూటర్ ముందు కూర్చునే అలవాటు లేని వృద్ధులు ఈ సేవను ఒంటరిగా వాడుకోలేరు. రిపోర్టు ఇంగ్లీషులో మాత్రమే ఇస్తారు. ఫోనులో తెలుగులో ఇంత చక్కగా చెప్పగలిగినవారు ఒక పేరా తెలుగులో రాసి జతచేయడానికి ఏమిటి అడ్డమో నాకు అర్థం కాలేదు. మూడు రోజుల్లో రిపోర్టు అని చెప్పి ఐదో రోజున ఇచ్చారు. చేతుల ఎక్స్‌రే కోసం ఆగిన రోజును మినహాయించినా ఒక రోజు ఆలస్యమే. ఆ ఒక రోజు ఎలా గడిచిందో రాయను.

వీటన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. దాని గురించి నాకు నెల తరువాత తెలిసింది.

మా చెల్లెలికి చిన్నప్పటినుంచి నడుము మీదా, తొడల మీదా లేత పసుపు రంగులో గట్టి పొక్కులున్నాయి. నొప్పి లేదు, దురద లేదు. అమ్మ వాటిని పుట్టుమచ్చలనేది. నా సంగతి విన్నాక తను చర్మ వ్యాధుల డాక్టరు దగ్గరికి వేరే పని మీద వెళ్లినప్పుడు మాటవరసకు నా ఎముకల పేరు చెప్పింది. ఆవిడ వెంటనే పొక్కులను పరిశీలించి, బుష్కే–ఒల్లెన్‌డార్ఫ్ సిండ్రోమ్ అన్నారట. ఎముకల్లో చుక్కలు, చర్మం మీద ఇలాంటి హానిలేని పొక్కులు ఒకే కుటుంబంలో కనిపించడాన్ని 1928లో ఈ ఇద్దరు వైద్యులు వర్ణించారు. బుష్కే చర్మ వైద్యుడు, ఒల్లెన్‌డార్ఫ్ ఆయనతో కలిసి పనిచేసిన యువ వైద్యురాలు. జన్యువు అదే ఎల్ఈఎండీ3. ఒకే కుటుంబంలో ఒకరికి ఎముకల్లోనే, మరొకరికి చర్మం మీదే, ఇంకొకరికి రెండుచోట్లా కనిపించవచ్చునట. చర్మపు పొక్కులకూ చికిత్స అవసరం లేదు. అయితే ఆ పొక్కులను చూసి మరో జబ్బుగా పొరబడి, వాటిని కోయించుకున్నవాళ్లు ఉంటారు కాబట్టి, పేరు తెలియడం వల్ల మేలు ఉంది. అంత జాగ్రత్తగా ప్రశ్నలు తయారుచేసిన ఫారమ్‌లో 'మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ చర్మం మీద పొక్కులున్నాయా' అన్న ప్రశ్న లేదు. ఫోనులోనూ ఆ మాట రాలేదు. రేడియాలజిస్టు ఎదుట చిత్రం ఉంటుంది, మనిషి ఉండడు. ఆ దూరాన్ని పూడ్చవలసినవి ప్రశ్నలే.

ఇంకో ముఖ్యమైన మాట. జన్యువు సంగతి చెప్పి ఊరుకున్నారు గానీ, పిల్లల విషయంలో ఏం చేయాలో చెప్పలేదు. సగానికి సగం అవకాశం అని విన్న తండ్రి మర్నాడే ఇద్దరు పిల్లలనూ ఎక్స్‌రేకు తీసుకెళ్లాలనుకోవడం సహజం. నేనూ బయలుదేరబోయాను. ఎముకల డాక్టరు ఆపారు. చికిత్స లేని, హానిలేని విషయం తెలుసుకోవడానికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఎక్స్‌రేలు తీయించడం అనవసరమనీ, ఎప్పుడైనా వేరే అవసరానికి తీస్తే అప్పుడు మా ఇంట్లో ఇది ఉందని చెబితే చాలుననీ అన్నారు. పైగా ఈ చుక్కలు చిన్నతనంలో కనిపించకపోవచ్చు, ఎదిగేకొద్దీ కనిపించవచ్చు, సంఖ్యలోనూ పరిమాణంలోనూ మారవచ్చు. కాబట్టి ఈ రోజు కనిపించకపోతే లేదని అర్థం కాదు. ఈ నాలుగు వాక్యాలు రిపోర్టు చివర ఉండవలసినవి.

ఎవరికి ఈ సేవను సిఫారసు చేస్తానంటే, ఎముకల చిత్రంలో అనుకోని మచ్చ ఏదైనా కనిపించి, దానికి పేరు పెట్టకుండా భయం మాత్రమే పెట్టిన రిపోర్టు చేతిలో ఉన్నవారికి. జ్వరం, వాపు, వేగంగా పెరిగే నొప్పి, గతంలో క్యాన్సర్ చికిత్స ఉన్నవారు దీనికోసం రోజులు వృథా చేయకుండా నేరుగా తమ డాక్టరు చెప్పిన పరీక్షలకే వెళ్లడం మంచిది. చిత్రాలు చదివేవారు ఒంటిమీద చెయ్యి వేసి చూడలేరు. పంపేవారు పాత ఎక్స్‌రేలను తప్పక వెతకాలి, ఎంత సంబంధం లేనివిగా కనిపించినా సరే. నా విషయంలో తీర్పు మార్చింది కొత్తగా తీసిన సీటీ కంటే ఆ పాత మోకాలి ఫిల్మే. ఐదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటిలో సగం వెబ్‌సైటుకు, సగం అడగని ఆ చర్మపు ప్రశ్నకు.

ఈ సమీక్ష మొదటి ప్రతిని వాళ్లకే ముందుగా పంపాను. పది రోజులకు జవాబు వచ్చింది. వెబ్‌సైటు గురించి ఏమీ రాయలేదు. ఫారమ్‌లో కుటుంబ వివరాల కింద చర్మం గురించి కొత్త ప్రశ్న చేర్చామనీ, నా రిపోర్టును సవరించి మళ్లీ పంపుతున్నామనీ రాశారు. సవరించిన రిపోర్టు చివర ఒక వాక్యం కొత్తగా ఉంది: 'భవిష్యత్తులో ఏ కారణం చేతనైనా ఎముకల చిత్రాలు తీయించుకుంటే, ఈ రిపోర్టును ముందుగా చూపవలెను.' అది తెలుగులో ఉంది. ఆ పుటను ఫొటో తీసి ఫోనులో పెట్టుకున్నాను, ఒకటి చెల్లెలికి పంపాను. తుంటి నొప్పి మూడు వారాలకే తగ్గిపోయింది.